ఆయాసం తగ్గితే ఉబ్బసం తగ్గినట్టు కాదు

గొట్టాన్ని వదులు చేసే మందు వేరు, వాపు తీసే మందు వేరు

కోట: కార్తీకం వెళ్లి మంచు దిగడం మొదలైతే కోట, వాకాడు, చిట్టమూరు పల్లెల్లో అర్ధరాత్రి దాటాక కొన్ని ఇళ్లలో లైట్లు వెలుగుతాయి. పడుకున్న మనిషి లేచి కూర్చుంటాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలు ఎగరేస్తూ గాలి కోసం తంటాలు పడతాడు. ఛాతీలో పిల్లికూతలు. ఇంట్లో వాళ్లు వీపు రాస్తారు, వేణ్నీళ్లు కాచి ఇస్తారు. తెల్లవారుజామున కాస్త తెరిపి ఇస్తుంది. పొద్దున్నే ఊళ్లోని ఆర్.ఎం.పి. దగ్గర ఒక సూదిమందు, నాలుగు మాత్రలు. మధ్యాహ్నానికి మనిషి మళ్లీ కయ్యలోనో, రొయ్యల గుంట గట్టు మీదో ఉంటాడు. జబ్బు పోయిందనే అనుకుంటాడు. వారం తిరగకముందే మళ్లీ అదే రాత్రి.

ఉబ్బసం ఈ తీరానికి కొత్త జబ్బు కాదు. దాన్ని రేపడానికి ఇక్కడ కావలసినన్ని ఉన్నాయి. వరి నూర్పిళ్ల దుమ్ము, వేరుశనగ పొట్టు, సర్కారు తుమ్మను కాల్చే బొగ్గుబట్టీల పొగ, కట్టెల పొయ్యి, దోమల చుట్ట, రొయ్యల మేత బస్తాలు విప్పినప్పుడు లేచే పొడి, ఈశాన్య రుతుపవనం వానలకు చెమ్మెక్కిన గోడల మీద బూజు. వీటిలో ఏది ఎవరికి పడదో వాళ్లకే తెలియాలి. ఒకరికి పొగ పడదు, ఒకరికి చల్లగాలి పడదు, ఇంకొకరికి జలుబు చేస్తే చాలు.

ప్రపంచం మొత్తం మీద 2019లో 26 కోట్ల 20 లక్షల మందికి ఉబ్బసం ఉందని, ఆ ఒక్క ఏడాదిలో 4 లక్షల 55 వేల మంది దాని వల్ల చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ చావుల్లో ఎక్కువ భాగం పేద, మధ్యతరగతి దేశాల్లోనే. మందు లేని జబ్బయితే చేసేదేమీ లేదనుకోవచ్చు. మందు లేక కాదు, సగం మందే వాడడం వల్ల పోతున్న ప్రాణాలు వాటిలో చాలా ఉన్నాయి. ఆ సగం ఏమిటో, మిగతా సగం ఏమిటో తెలియాలంటే ముందు గాలి గొట్టం సంగతి తెలియాలి.

సంచి మూతికి దారం

ముక్కులోంచి పోయిన గాలి గొంతు దిగి, రెండు పాయలై, అక్కడి నుంచి చెట్టు కొమ్మల మాదిరి చీలుతూ ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. ఇరవై సార్లకు పైనే చీలుతుంది. చివరి గొట్టాలు మిల్లీమీటరు కన్నా సన్నం. ప్రతి గొట్టానికీ లోపల ఒక మెత్తని పొర, ఆ పొరలో జిగట ఊరే గ్రంథులు, బయట చుట్టూ కండ ఉంటాయి. ఈ కండ మన చేతి కండలాగా మనం చెప్పినట్టు వినేది కాదు. దాని ఇష్టం దానిదే. పాతకాలం డబ్బుల సంచికి మూతి చుట్టూ దారం ఉంటుందే, లాగితే సంచి మూతి బిగుసుకుంటుంది. గొట్టం చుట్టూ ఉన్న కండ చేసేదీ అదే.

ఉబ్బసం వచ్చినప్పుడు మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. చుట్టూ ఉన్న కండ బిగుస్తుంది. లోపలి పొర వాచి ఉబ్బుతుంది. జిగట తెమడ ఊరి ఉన్న కాస్త దారినీ మూస్తుంది. గొట్టం సగానికి సన్నబడితే గాలి పోవడం రెండింతలు కష్టమవుతుందని ఎవరైనా అనుకుంటారు. లెక్క అలా లేదు. సగానికి సన్నబడితే పదహారు రెట్లు కష్టం. రవ్వంత వాపుకే మనిషి అంతగా అల్లాడిపోవడానికి కారణం అది.

ఇంకో సంగతి. ఉబ్బసం మనిషికి గాలి లోపలికి పోవడం కంటే బయటికి రావడం కష్టం. గాలి పీల్చేటప్పుడు ఛాతీ విచ్చుకుంటుంది, దానితో గొట్టాలూ విచ్చుకుంటాయి. వదిలేటప్పుడు ఛాతీ నొక్కుకుంటుంది, అసలే సన్నబడ్డ గొట్టాలు మరీ నొక్కుకుపోతాయి. పిల్లికూత అప్పుడే వస్తుంది. పాత గాలి లోపల చిక్కుకుపోయి కొత్త గాలికి చోటుండదు. 'గాలి ఆడటం లేదు' అని రోగి అనేది అక్షరాలా నిజం. లోపల నిండా గాలే, కానీ కదలని గాలి.

ఈ మూడింటిలో కండ బిగియడం నిమిషాల్లో వస్తుంది, నిమిషాల్లో పోతుంది. వాపు అలా కాదు. రోగి హాయిగా నిద్రపోయి, పొలం వెళ్లి, అన్నం తిని తిరుగుతున్న రోజుల్లో కూడా గొట్టం లోపలి పొర కొంచెం ఎర్రబడే, ఉబ్బే ఉంటుంది. పుండు మీద ఉప్పు రాసినట్టు, అలాంటి పొర మీద కాస్త పొగ తగిలినా కండ ఉలిక్కిపడి బిగుసుకుంటుంది. అసలు జబ్బు ఆ వాపు. ఆయాసం దాని కేక.

కండను సడలించే మందులు

ఆస్థలిన్ పేరుతో ఎక్కువమందికి తెలిసిన సాల్బుటమాల్ మందు ఈ కండ మీద పనిచేస్తుంది. కండ కణాల మీద తాళం కప్పల్లాంటివి ఉంటాయి. మనకు భయం వేసినప్పుడు, పరుగెత్తినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్‌కు అవి తెరుచుకుంటాయి. సాల్బుటమాల్ దానికి మారు తాళంచెవి. అది తగలగానే కణం లోపల ఒక కబురు పుడుతుంది, కండ బిగియడానికి కావలసిన కాల్షియం తగ్గుతుంది, దారం వదులవుతుంది. పీల్చిన అయిదు నిమిషాల్లోపే తెరిపి తెలుస్తుంది. నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. అలాంటి తాళం కప్పలే చేతి కండలకూ గుండెకూ కొన్ని ఉంటాయి గనుక మందు ఎక్కువైతే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది.

ఇప్రాట్రోపియం అనేది ఇంకో దారిన పోతుంది. 'బిగుసుకో' అని నరం పంపే ఆజ్ఞను కండకు చేరకుండా అడ్డుకుంటుంది. పనిచేయడానికి ఇంకొంచెం సేపు పడుతుంది. ఆసుపత్రిలో మిషను పెట్టి పొగలాగా పీల్పించేటప్పుడు గట్టి ఆయాసానికి రెండింటినీ కలిపి ఇస్తారు.

మూడోది డెరిఫిలిన్. పల్లెల్లో దీని పేరు తెలియని ఉబ్బసం రోగి ఉండడు. ఇందులో ఉన్న థియోఫిలిన్ కాఫీలోని కెఫీన్‌కు దగ్గర చుట్టం. 1860 ప్రాంతంలో ఇంగ్లండులో హైడ్ సాల్టర్ అనే డాక్టరు ఉబ్బసానికి చిక్కటి కాఫీ మేలని రాశాడు. ఆయన మాటలో నిజం ఉందని తర్వాత తేలింది. అయితే ఈ మందుకు మేలు చేసే మోతాదుకూ, కీడు చేసే మోతాదుకూ మధ్య గట్టు చాలా సన్నం. ఎక్కువైతే వాంతులు, గుండెదడ, మరీ ఎక్కువైతే మూర్ఛ. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి మాత్రలు కలిపి వేస్తే ఒంట్లో థియోఫిలిన్ పేరుకుపోతుంది. దగ్గూ జ్వరం ఉన్న మనిషికి ఈ రెండూ ఒకే పొట్లంలో కట్టి ఇచ్చే అలవాటు మన పక్క ఉంది కాబట్టి ఇది చెప్పుకోవలసిన మాట.

ఉమ్మెత్త పొగ మద్రాసు నుంచి వెళ్లింది

కండను సడలించే మందు తెల్లవాడు కనిపెట్టి మనకు పంపిందే అనుకోనక్కర్లేదు. కర్ణాటక నవాబు నుంచి నెల్లూరు సీమ 1801లో ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చింది. ఆ మరుసటి ఏడు, 1802లో, మద్రాసు నుంచి ఇంగ్లండు తిరిగిపోయిన జనరల్ జెంట్ అనే సైనికాధికారి తన వెంట ఎండబెట్టిన ఉమ్మెత్తను తీసుకుపోయాడు. మద్రాసులో పెద్ద వైద్యాధికారిగా ఉన్న డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ ఉబ్బసానికి దాని పొగ పీల్చమని చెప్పాడు. ఇక్కడివాళ్లు పీలుస్తుంటే చూసి నేర్చుకున్నదే అది. అక్కడి నుంచి ఇంగ్లండంతా పాకింది. ఉమ్మెత్త ఆకు చుట్టిన 'ఆస్తమా సిగరెట్లు' నూరేళ్లకు పైగా పట్నాల్లో అమ్ముడుపోయాయి.

ఉమ్మెత్తలో ఉన్నది అట్రోపిన్, దాని తోబుట్టువులు. నరం ఆజ్ఞను ఆపే పదార్థాలవి. పైన చెప్పిన ఇప్రాట్రోపియం ఆ వంశానిదే, విషం మెదడుకు ఎక్కకుండా మార్చి చేసినది. కాబట్టి పెరట్లో ఉమ్మెత్త ఉందని ఇప్పుడు ఎవరూ పొగ పెట్టుకోనవసరం లేదు. ఒక కాయలో ఎంత విషం ఉందో, ఇంకో కాయలో ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. పిచ్చెత్తి, కళ్లు కనపడక ఆసుపత్రిలో చేరేది ఆ లెక్క తప్పిన వాళ్లే. పైగా పొగ ఏదైనా వాచిన గొట్టానికి పొగే.

అడ్డసరం ఆకు కషాయం కూడా ఉత్త మూఢనమ్మకం కాదు. అందులోని వాసిసిన్ అనే పదార్థం నుంచే 1960ల్లో బ్రోమ్‌హెక్సిన్ అనే తెమడ కరిగించే మందు తయారైంది. దగ్గు సిరప్పుల్లో ఇప్పటికీ కలుపుతున్నారు. తెమడ పలచబడటానికి అది పనికొస్తుంది. ఊపిరాడని రాత్రికి మాత్రం అది చాలదు.

మనం ఇప్పుడు చూస్తున్న నొక్కుడు ఇన్‌హేలర్ 1956లో అమెరికాలో వచ్చింది. ఉబ్బసంతో బాధపడే పదమూడేళ్ల ఆడపిల్ల, మందుల కంపెనీ నడిపే తన తండ్రిని, జుట్టుకు కొట్టుకునే స్ప్రేలాగా నా మందు ఎందుకు రాకూడదు అని అడిగిందట. ఆ ప్రశ్నలోంచే పుట్టిందని చెబుతారు. దాని తర్వాత పదేళ్లకు దాని చెడు కూడా బయటపడింది. 1960ల్లో ఇంగ్లండులో ఘాటైన ఐసోప్రెనలిన్ ఇన్‌హేలర్లు కిరాణా సరుకులా అమ్ముడై, ఉబ్బసం చావులు పెరిగాయి. ఆయాసం వచ్చినప్పుడల్లా కొట్టుకుని, తెరిపి వచ్చిందని ఆసుపత్రికి పోకుండా ఇంట్లో కూర్చున్నవాళ్లు అందులో ఉన్నారు. 1969లో వచ్చిన సాల్బుటమాల్ గుండె మీద అంత భారం వేయదు. కానీ ఆ పాత తప్పు మాత్రం దానితోనూ చేయవచ్చు. చేస్తున్నారు కూడా.

వాపు తీసే మందు

సాల్బుటమాల్ వాపును తాకదు. ఇప్రాట్రోపియం తాకదు. డెరిఫిలిన్ తాకినా నామమాత్రం. దారం వదులు చేయడమే వాటి పని. లోపల పొర ఉబ్బుతూనే ఉంటుంది, తెమడ ఊరుతూనే ఉంటుంది. రోగికి తెరిపి ఉంది గనుక ఆ సంగతి తెలియదు. ఇల్లు అంటుకుంటే కిటికీ తెరిచి పొగ పోగొట్టినట్టుంటుంది ఆ వైద్యం.

వాపు తీసేవి పీల్చే స్టిరాయిడ్లు. బెక్లోమెథసోన్ అనేది 1972లో వచ్చింది, తర్వాత బుడెసొనైడ్, ఫ్లూటికసోన్ వచ్చాయి. ఇవి కణం లోపలికి, దాని నడిబొడ్డుదాకా పోయి, వాపు పుట్టించే పదార్థాల తయారీని అక్కడే కట్టేస్తాయి. అందుకే వీటికి టైము పడుతుంది. ఈ పూట పీలిస్తే ఈ పూట ఏమీ తెలియదు. కొన్ని రోజులకు కాస్త, కొన్ని వారాలకు బాగా గుణం కనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే వస్తోంది. ఒక ఇన్‌హేలర్ కొట్టగానే పనిచేస్తుంది, ఇంకోటి కొడితే ఏమీ అనిపించదు. రెండింటికీ డబ్బు పెట్టలేని రైతు దేన్ని కొంటాడు? కొట్టగానే పనిచేసేదాన్నే కొంటాడు. మనిషి తెలివితక్కువ వల్ల కాదు, కళ్లకు కనిపించేది అంతే కాబట్టి. రెండో మందు 'పనిచేయలేదు' అని దూలం మీద పెట్టేస్తాడు.

స్టిరాయిడ్ అన్న మాట వినగానే భయపడేవాళ్లు ఎక్కువ. ఆ భయానికి కారణం ఉంది. ఆయాసానికి ఏళ్ల తరబడి బెట్నెసాల్, డెక్సామెథసోన్ సూదులు, మాత్రలు వాడి ముఖం ఉబ్బినవాళ్లు, షుగరు వచ్చినవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు ప్రతి ఊళ్లో కనిపిస్తారు. విచిత్రం ఏమిటంటే, ఇన్‌హేలర్‌లో స్టిరాయిడ్ ఉందని భయపడి వదిలేసిన మనిషే వెళ్లి సూదిలో స్టిరాయిడ్ వేయించుకుంటాడు, అందులో ఏముందో ఎవరూ చెప్పరు గనుక. లెక్క చూస్తే తేడా తెలుస్తుంది. పీల్చే మందు ఒక పఫ్‌లో 100 లేక 200 మైక్రోగ్రాములు. ఒక మామూలు ప్రెడ్నిసొలోన్ మాత్రలో 5 మిల్లీగ్రాములు, అంటే 5000 మైక్రోగ్రాములు. ఆ మాత్ర కడుపులో పడి, నెత్తురులో కలిసి, ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. పీల్చింది నేరుగా పోతుంది. సాల్బుటమాల్ లెక్కా అంతే. ఒక పఫ్ 100 మైక్రోగ్రాములు, ఒక 4 మిల్లీగ్రాముల మాత్ర నలభై పఫ్‌లకు సమానం. చేతులు వణికేది మాత్ర వేసుకున్నవాడికే ఎక్కువ.

పీల్చే స్టిరాయిడ్‌కు చిన్న ఇబ్బందులు లేకపోలేదు. గొంతు బొంగురుపోవచ్చు, నోట్లో తెల్లపూత రావచ్చు. పీల్చిన తర్వాత నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే చాలావరకు రావు. ఏళ్లుగా స్టిరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్లు మాత్రం ఇది చదివి ఒక్కసారిగా మానేయకూడదు. ఒళ్లు దానికి అలవాటుపడి ఉంటుంది, డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి.

2019 నుంచి ప్రపంచమంతా ఉబ్బసం వైద్యంలో ఒక మార్పు వచ్చింది. పెద్దవాళ్లకు, ఎదిగిన పిల్లలకు సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దని వైద్య నిపుణుల మండళ్లు చెప్పాయి. కండను సడలించేదీ, వాపు తీసేదీ ఒకే ఇన్‌హేలర్‌లో కలిపి ఇవ్వడం మేలని తేల్చారు. ఫార్మొటెరాల్ అనే మందు సాల్బుటమాల్ అంత తొందరగా పనిచేస్తుంది, పన్నెండు గంటలు ఉంటుంది. దాన్ని బుడెసొనైడ్‌తో కలిపితే, ఆయాసానికని కొట్టుకున్న ప్రతిసారీ వాపు మందు కూడా లోపలికి పోతుంది. పైన చెప్పిన రైతు బలహీనతను అర్థం చేసుకుని చేసిన ఏర్పాటులా ఉంది ఇది.

మృగశిర నాటి ప్రయాణం

ఏటా జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె రోజున హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు కోసం జనం బారులు తీరతారు. పాతబస్తీ దూద్‌బౌలికి చెందిన బత్తిని కుటుంబం పసుపురంగు ముద్దను బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి మింగిస్తుంది. 1845 నుంచి తమ ఇంట ఇది నడుస్తోందని వాళ్లు చెబుతారు. పైసా తీసుకోరు. కరోనా వల్ల 2020 నుంచి మూడేళ్లు ఆగి 2023లో మళ్లీ మొదలైంది. ఇప్పుడు దాన్ని చేప ప్రసాదం అంటున్నారు. కోస్తా జిల్లాల నుంచి పోయేవాళ్లూ ఉన్నారు.

దానితో ఉబ్బసం పోతుందని శాస్త్రీయ పరీక్షల్లో రుజువు కాలేదు. నమ్మకం ఉన్నవాళ్లు పోతారు, అది వాళ్ల ఇష్టం. ఉబ్బసానికి ఒక గుణం ఉంది, కొన్నాళ్లు తనంత తానే నెమ్మదిస్తుంది, మళ్లీ లేస్తుంది. జూన్‌లో మింగి, జూలైలో బాగుంటే ఏది పనిచేసిందో చెప్పడం కష్టం. ప్రమాదం చేపలో కంటే, చేప మింగాం కదా అని ఇన్‌హేలర్ ఆపేయడంలో ఉంది. రైల్లో పోయే రాత్రి, ఆ జనంలో, ఆ దుమ్ములో నిలబడే పగలు జేబులో ఇన్‌హేలర్ ఉండటం అవసరం.

ఆరోగ్యవరంలో తేలిన సంగతి

పిల్లికూతలన్నీ ఉబ్బసం కాదు. దీనికి మన దగ్గరే మంచి దాఖలా ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి రాత్రిళ్లు దగ్గు, ఆయాసం, సన్న జ్వరంతో కొందరు వచ్చేవారు. ఎక్స్‌రేలో మచ్చలు కనిపించేవి. క్షయ అనే అనుకునేవారు. తెమడలో మాత్రం క్రిములు దొరికేవి కావు. అక్కడి డాక్టర్లు ఫ్రిమోట్ మొల్లర్, బార్టన్ వాళ్ల నెత్తురు పరీక్ష చేస్తే ఈసినోఫిల్ అనే కణాలు విపరీతంగా ఉన్నాయి. ఇది క్షయ కాదు, క్షయలా కనిపించే వేరే జబ్బు అని 1940లో రాశారు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లల మీద ఒళ్లు తిరగబడటమే దానికి కారణమని తర్వాతి కాలంలో తేలింది.

దానికి మందు కూడా తెలుగువాడి చేతి మీదుగానే వచ్చింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పనిచేస్తున్నప్పుడు ఆయన బృందం 1947లో హెట్రజాన్ బయటికి తెచ్చింది. బోదకాళ్ల నివారణకు ఇంటింటికీ వచ్చి మింగించే డి.ఇ.సి. మాత్ర అదే. ఈసినోఫీలియాకు దాన్ని మూడు వారాలు వాడతారు. ఎన్ని ఇన్‌హేలర్లు కొట్టినా లొంగని రాత్రి దగ్గు చాలామందికి ఆ మాత్రలతో తగ్గుతుంది. ఆస్తమా మందు పనిచేయడం లేదంటే ఒకసారి ఆ నెత్తురు పరీక్ష చేయించమని డాక్టరును అడగడంలో తప్పులేదు.

కోట, చిల్లకూరు, వాకాడు, చిట్టమూరు మండలాల తెల్ల ఇసుక గాజు ఫ్యాక్టరీలకు పోతుంది. ఆ సిలికాను తవ్వేచోట, జల్లించేచోట, ఆరబెట్టేచోట లేచే సన్నటి ధూళిది మరో కథ. కంటికి కనిపించే ఇసుక రేణువు కంటే కనిపించనంత సన్నటిదే లోపలిదాకా పోతుంది. అది పడి ఊపిరితిత్తి గట్టిపడితే సిలికోసిస్. అక్కడ బిగిసిన దారం లేదు వదులు చేయడానికి, మానని మచ్చలే ఉంటాయి. సాల్బుటమాల్ దానికి మందు కాదు. పైగా అలాంటి ఊపిరితిత్తికి క్షయ తొందరగా సోకుతుంది. ఇసుక పనిలో ఏళ్లు గడిపిన మనిషికి ఆయాసం వస్తే, చేసిన పని ఏమిటో డాక్టరుకు ముందే చెప్పాలి. ఎన్నేళ్లు బీడీ కాల్చారో కూడా చెప్పాలి. ఎవరికైనా రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే తెమడ పరీక్ష తప్పదు.

మాత్ర మింగితే లాభం లేదు

మందు మంచిదైనా పీల్చే పద్ధతి తప్పితే నాలుక మీదే పడిపోతుంది. ఇన్‌హేలర్‌ను ఊపాలి. ఊపిరి పూర్తిగా వదలాలి. పెదవులతో పట్టుకుని, నెమ్మదిగా పీల్చడం మొదలుపెట్టి అప్పుడు నొక్కాలి. నిండా పీల్చాక పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టాలి. నొక్కడం, పీల్చడం రెండూ ఒకేసారి కుదరడం పెద్దవాళ్లకే కష్టం. పిల్లలకూ ముసలివాళ్లకూ మధ్యలో ఒక డబ్బా పెట్టి ఇస్తారు. స్పేసర్ అంటారు. మందు అందులోకి పోతుంది, రోగి తీరిగ్గా పీలుస్తాడు.

ఆ డబ్బా కొనలేకపోతే దారి ఉంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో పిల్లల మీద చేసిన పరీక్షలో అర లీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసా కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసిందని 1999లో ప్రకటించారు. సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి సరిగ్గా పట్టేంత బెజ్జం చేసి, సందు లేకుండా అంటించి, సీసా మూతి నోట్లో పెట్టుకుని పీల్చడమే. సీసాను ముందు సబ్బునీళ్లతో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. తుడిస్తే మందు సీసా గోడలకు అంటుకుంటుంది.

ఇంకో రకం గొట్టాలకు పొడి నింపిన క్యాప్సూల్ ఇస్తారు. అది గొట్టంలో వేసి తిప్పి, విరిగిన తర్వాత గట్టిగా పీల్చాలి. క్యాప్సూల్ కనిపించింది కదా అని నీళ్లతో మింగేవాళ్లు ఉన్నారు. కడుపులోకి పోయిన ఆ పొడి ఎందుకూ కొరగాదు. వానాకాలం చెమ్మకు పొడి ముద్దకడుతుంది కాబట్టి క్యాప్సూల్‌ను వాడే ముందే విప్పాలి.

ఇన్‌హేలర్ పట్టుకుంటే ఇక జీవితాంతం వదలదు, అలవాటైపోతుంది అన్న మాట ఊళ్లలో గట్టిగా వినిపిస్తుంది. అది సారా కాదు, అలవాటుపడటానికి. జబ్బు ఉన్నంతకాలం మందు కావాలి, షుగరు మనిషికి కావలసినట్టే. పెళ్లికావలసిన ఆడపిల్ల అయితే సంగతి మరీ కష్టం. సంబంధం చెడుతుందని ఇన్‌హేలర్ దాచిపెడతారు. అత్తవారింట్లో ఎవరూ లేని చోటు చూసుకుని కొట్టుకునే కోడళ్లు ఎందరో. కట్టెల పొయ్యి ముందు కూర్చునేదీ, వడ్లు చెరిగేదీ ఆ పిల్లే. ఆమెకు ఉబ్బసం ఉందని తెలిసిన అత్త ఆ రెండు పనులు తప్పిస్తే సగం మందు వేసినంత.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

మనిషి ఒక మాట పూర్తిగా చెప్పలేక మధ్యలో ఆగుతున్నా, పెదవులు నీలంగా మారినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంటలు పడుతున్నా, పిల్లవాడు మత్తుగా వాలిపోతున్నా ఇక ఇంటి వైద్యం ఆపి 108కి ఫోన్ చేయాలి. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి ఇంకా ఎగశ్వాస పెడుతుంటే అది తగ్గడం కాదు. కూత పెట్టడానికి కూడా గాలి కదలడం లేదని అర్థం. బండి వచ్చేలోగా పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, సాల్బుటమాల్ నాలుగు నుంచి పది పఫ్‌లు స్పేసర్‌తో ఒక్కొక్కటిగా ఇవ్వాలి. ఇరవై నిమిషాలకు మళ్లీ ఇవ్వవచ్చు. దాంతో తెరిపి వచ్చినా ఆసుపత్రికి పోవడం మానకూడదు.

పండగ పూట కూడా నెమ్మదిగా ఉన్న మనిషికి ప్రమాదం ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక కొలత ఉంది. సాల్బుటమాల్ ఇన్‌హేలర్లు ఏడాదికి ఎన్ని అయిపోతున్నాయో లెక్క చూసుకోవాలి. ఒక్కోదానిలో మామూలుగా 200 పఫ్‌లు ఉంటాయి. ఏడాదికి మూడో, అంతకుమించో ఖాళీ అవుతుంటే వాపు అదుపులో లేదని, పెద్ద ఆయాసం ఎప్పుడైనా రావచ్చని అర్థం. నెలకొకటి అవుతుంటే ప్రాణం మీదికి వచ్చినట్టే.

అయిపోయిందో లేదో తెలియడానికి లోపలి రేకు బుడ్డిని నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే పాత పద్ధతి నమ్మదగింది కాదు. మందు అయిపోయాక కూడా తోసే వాయువు కొంత మిగిలి కొన్నాళ్లు సుయ్‌మంటూనే ఉంటుంది, రోగి ఒట్టి గాలి పీల్చి మందు అనుకుంటాడు. వెనక అంకెలు తిరిగే రకం కొంటే ఆ బాధ లేదు. లేనిదైతే గోడ క్యాలెండర్ మీద రోజుకు ఎన్ని కొట్టుకున్నారో గీతలు పెట్టుకోవడమే. ఖాళీ అయిన దాన్ని పొయ్యిలో వేయకూడదు, పేలుతుంది.